కింద ఆకు కదలట్లేదు, పైన డ్రోన్ వెనక్కి రాలేదు: లాగ్ చూసి కారణం చెప్పండి

#1 ప్రొద్దుటూరు_స్టూడియో | ఆదివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మాది పెళ్లిళ్ల ఫోటోగ్రఫీ. ఈ జులై మొదట్లో తాడిపత్రి అవతల ఒక పల్లెలో ప్రీ-వెడ్డింగ్ షూట్ చేస్తుండగా మా టీమ్ డ్రోన్ పోయింది. 249 గ్రాముల చిన్న డ్రోన్. స్పెక్‌లో నార్మల్ మోడ్ వేగం సెకనుకు 12 మీటర్లు, స్పోర్ట్‌లో 16, గాలిని తట్టుకునే శక్తి 10.7 మీటర్లు అని ఉంది.

పొద్దున ఆరుంబావుకి లేపాం. కింద వేరుశనగ చేను. ఒక్క ఆకు కదలట్లేదు, పెళ్లికూతురి చున్నీ కూడా నిలువునా వేలాడుతోంది. డ్రోన్ 115 మీటర్ల ఎత్తుకెళ్లి తూర్పు వైపు హాయిగా పోయింది. 940 మీటర్ల దూరంలో ఉండగా గాలి ఎక్కువగా ఉందని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. వెంటనే రిటర్న్ టు హోమ్ (ఆర్‌టీహెచ్, టేకాఫ్ చోటికి తనంతట తానే తిరిగొచ్చే బటన్) నొక్కాం. అప్పటికి బ్యాటరీ 58 శాతం. ఆర్‌టీహెచ్ ఎత్తు 120 మీటర్లకి పెట్టి ఉంది కాబట్టి ఇంకాస్త పైకెళ్లి మా వైపు తిరిగింది. రెండు నిమిషాల్లో వంద మీటర్లు మాత్రమే వచ్చింది. తర్వాత గాల్లో అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ముక్కు మా వైపే ఉన్నా మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. 15 శాతం దగ్గర తనంతట తానే ల్యాండింగ్‌కి దిగింది. 1,180 మీటర్ల దూరంలో, 60 మీటర్ల ఎత్తులో సిగ్నల్ పోయింది.

కింద గాలే లేనప్పుడు ఇలా ఎందుకు జరిగింది? డ్రోన్‌లో ఏదైనా లోపమా? ఎక్కడ వెతకాలో కూడా చెప్పగలిగితే మేలు చేసినవాళ్లవుతారు. కార్డులో పెళ్లివాళ్ల వీడియో అంతా ఉంది.

#2 హైదరాబాద్_రిపేర్ | ఆదివారం, ఉదయం 10:05

అన్నా, ముక్కు ఇంటివైపు పెట్టి వెనక్కి పోతోందంటే నాకు ముందు కంపాస్ మీదే అనుమానం. మా షాపుకి వచ్చే ఫ్లైఅవే (డ్రోన్ చేతికి దొరక్కుండా ఎగిరిపోవడం) కేసుల్లో చాలావాటికి అదే మూలం. ఇనుప రేకుల మీద నుంచో, కారు బానెట్ మీద నుంచో టేకాఫ్ చేశారా? లాగ్‌లో, అంటే ఫ్లైట్ రికార్డులో, శాటిలైట్లు ఎన్ని ఉన్నాయి, కంపాస్ ఎర్రర్ ఏమైనా వచ్చిందా చూడండి. ప్రొపెల్లర్ అంచు చిట్లినా తోపు తగ్గుతుంది.

#3 ప్రొద్దుటూరు_స్టూడియో | ఆదివారం, ఉదయం 10:50

టేకాఫ్ మట్టి గట్టు మీద నుంచే అన్నా. ఎప్పుడు చూసినా శాటిలైట్లు 17కి తగ్గలేదు. కంపాస్ ఎర్రర్ ఒక్కటీ లేదు. ప్రొపెల్లర్లు కొత్తవి. లాగ్‌లో ఒక సంగతి కనిపించింది: రిటర్న్ మొదలైన దగ్గర్నుంచి టిల్ట్ 25 డిగ్రీల దగ్గరే నిలబడిపోయింది, చివరిదాకా అంతకు మించి వంగలేదు.

ఫోన్‌లో మిగిలిన తక్కువ క్వాలిటీ వీడియో కూడా చూశాం. దూరంగా కొండ మీద గాలిమరలు కనిపిస్తున్నాయి, అన్నీ తిరుగుతున్నాయి.

#4 అనంత_టర్బైన్ | ఆదివారం, ఉదయం 11:30

మీ ప్రశ్నకి జవాబు ఆ గాలిమరల్లోనే ఉంది తమ్ముడూ. నేను అనంతపురం జిల్లాలో విండ్ టర్బైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. వీడియో మళ్లీ పెట్టి వాటి తలకాయలు, అంటే వెనకున్న పెట్టెలాంటి నాసెల్‌తో సహా, ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. రెక్కలు పడమర ముఖం పెట్టి ఉంటాయి. టర్బైన్ ఎప్పుడూ గాలికి ఎదురుగా నిలబడుతుంది. మీరు డ్రోన్‌ని పంపింది తూర్పుకి. అంటే గాలి వాలున పంపారు. పోయేటప్పుడు హాయిగా పోయిందంటే అది గాలి చేసిన సాయమే.

మా దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి సీజన్. నైరుతి రుతుపవనాల పడమటి గాలి పట్టే కాలం అది. టవర్లను 80 మీటర్లు, 100 మీటర్లు, 120 మీటర్లు అంటూ అంత ఖర్చుపెట్టి ఎత్తుకి లేపేది ఎందుకు? నేల దగ్గర లేని గాలి అక్కడ ఉంది కాబట్టే. మీ డ్రోన్ ఎగిరింది సరిగ్గా మా రెక్కలు తిరిగే ఎత్తులో.

తెల్లవారుజామున డ్యూటీలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటి చెబుతాను. టవర్ కింద తలుపు దగ్గర బీడీ పొగ నిలువుగా లేస్తుంటుంది. పైన నాసెల్ మీదున్న గాలి మీటర్ సెకనుకు 10, 11 మీటర్లు చూపిస్తుంటుంది. రెండూ నిజమే. రెక్కల్లో పగుళ్లు చూడటానికి మా సైట్లకూ డ్రోన్ టీములు వస్తాయి, కానీ ఆ పనంతా గాలి తగ్గిన చలికాలంలోనే పెట్టుకుంటారు. జులైలో ఎవరూ ఒప్పుకోరు.

#5 స్వాతి_ఏరో | ఆదివారం, మధ్యాహ్నం 12:20

టర్బైన్ గారు చెప్పినదానికి కారణం కూడా రాస్తాను.

నేల, చెట్లు, ఇళ్లు గాలిని రాపిడితో ఆపుతాయి. పైకెళ్లే కొద్దీ ఆ రాపిడి తగ్గి వేగం పెరుగుతుంది. చదునైన పొలాల మీద, పగటి పూట, మామూలుగా వాడే లెక్క ఏడో వంతు ఘాతం: ఎత్తు ఎన్ని రెట్లు పెరిగిందో చూసి దాన్ని ఒకటి బై ఏడు ఘాతానికి పెంచితే గాలి వేగం ఎన్ని రెట్లయ్యిందో వస్తుంది. 2 మీటర్ల నుంచి 120 మీటర్లకి ఎత్తు 60 రెట్లు, గాలి దాదాపు 1.8 రెట్లు. అంటే మన మొహానికి తగిలే గాలి సెకనుకు 6 మీటర్లుంటే 120 మీటర్ల దగ్గర 10.8. ఆ ఒక్క లెక్కతోనే ఈ సైజు డ్రోన్ హద్దు దాటిపోయింది.

కానీ మీ కేసులో ఆ లెక్క కూడా సరిపోదు. కింద గాలి సెకనుకు 1 మీటర్ అనుకుంటే పైన 1.8 మాత్రమే రావాలి. అక్కడున్నది 11 పైనే. తేడా ఎందుకంటే సమయం. రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటిపెట్టుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దాని మీద వెచ్చటి పొర ఉంటుంది. ఈ రెండు పొరలూ కలవవు. పగలైతే ఎండకి వేడెక్కిన గాలి పైకీ కిందకీ తిరుగుతూ పైనున్న వేగాన్ని కొంత కిందకి తెస్తుంది, కిందున్న రాపిడిని పైకి తీసుకెళ్తుంది. రాత్రి ఆ కలపడం ఆగిపోతుంది. కింద గాలి నిద్రపోయినట్టు ఉంటుంది. పై గాలికి మాత్రం నేల రాపిడి తెగిపోయి వేగం ఇంకా పెరుగుతుంది. నేలకి వందల మీటర్ల ఎత్తులో తెల్లవారేసరికి గట్టి ప్రవాహం తయారవుతుంది. వాతావరణ శాస్త్రంలో దీన్ని రాత్రిపూట లో-లెవెల్ జెట్ అంటారు. సూర్యుడు వచ్చాక రెండు మూడు గంటల్లో అది చెదిరిపోతుంది.

మనవాళ్లు షూటింగ్‌కి ఎంచుకునేది సరిగ్గా ఆ వేళే, వెలుతురు బాగుంటుందని, గాలి ఉండదని. వెలుతురు మాట నిజమే.

#6 హైదరాబాద్_రిపేర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:45

17 శాటిలైట్లు, కంపాస్ క్లీన్, టిల్ట్ ఒకే దగ్గర ఆగింది అంటే స్వాతి గారు చెప్పిందే సరి. కంపాస్ తప్పితే డ్రోన్ గుండ్రంగా తిరుగుతుంది లేదా ఏటవాలుగా పోతుంది. ఇది నేరుగా ఇంటివైపు చూస్తూ ఓడిపోయింది. అది గాలి గుర్తు.

#7 వైజాగ్_వింగ్స్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఒక సందేహం. స్పెక్‌లో 10.7 మీటర్లు అని కంపెనీయే రాసింది కదా. గంటకి 38 కిలోమీటర్ల గాలి. అంత గాలిని తట్టుకుంటుందని రాసి, ఆ దగ్గర్లోనే రాకుండా పోతే ఎలా?

#8 స్వాతి_ఏరో | ఆదివారం, మధ్యాహ్నం 1:40

తట్టుకోవడం వేరు, తిరిగి రావడం వేరు. ఆ అంకె ఉన్నచోట నిలబడగలిగే హద్దు. డ్రోన్‌కి తెలిసింది గాలితో పోలిస్తే తన వేగం ఒక్కటే. నేల మీద అది కదిలే వేగం కావాలంటే అందులోంచి ఎదురుగాలిని తీసేయాలి. ఏటికి ఎదురీదేవాడికి ఒడ్డు దగ్గరవ్వడం తన ఈత బలం ఒక్కదాని మీదే ఆధారపడదు కదా, ఇదీ అంతే.

లాగ్‌లో మొదటి రెండు నిమిషాలు చూడండి. సెకనుకు మీటర్ కంటే తక్కువ వేగంతో ముందుకొచ్చింది. నార్మల్ మోడ్‌లో 12 మీటర్ల వేగం మొత్తం పెట్టి ఒక్క మీటర్ మిగిలిందంటే గాలి 11. తర్వాత ఆగింది, అంటే 12. చివర్లో సెకనుకు మీటర్ చొప్పున వెనక్కి పోయింది, అంటే 13. డ్రోనే ఒక గాలి మీటర్‌లా అంకెలు చెప్పేసింది.

ఇంకోటి, ఈ అంకెలన్నీ సగటు. గాలి అలలు అలలుగా వస్తుంది. సగటు 9 ఉన్న రోజు 12, 13 దాకా విసుర్లు మామూలే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది కాబట్టి విసురు చిన్నదైనా దెబ్బ పెద్దది.

#9 కర్నూలు_ఎఫ్‌పీవీ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

మరి 58 శాతం దగ్గర స్పోర్ట్ మోడ్‌కి మార్చి ఉంటే? మా గ్రూపులో ఎప్పుడూ ఈ గొడవే. స్పోర్ట్ వేస్తే బ్యాటరీ తాగేస్తుంది, గాలి ఉన్నప్పుడు నెమ్మదిగా రావాలి అని సగం మంది అంటారు.

#10 స్వాతి_ఏరో | ఆదివారం, మధ్యాహ్నం 3:15

నిమిషానికి ఎంత తాగుతుంది అన్నది కాదు, మీటర్ దూరానికి ఎంత తాగుతుంది అన్నదే చూడాలి.

940 మీటర్లు, ఎదురుగాలి 11. నార్మల్‌లో మిగిలేది సెకనుకు 1 మీటర్. ఇల్లు చేరడానికి 940 సెకన్లు, పదిహేను నిమిషాల పైమాటే. స్పోర్ట్‌లో 16లోంచి 11 పోతే 5. అదే దూరానికి 188 సెకన్లు, మూడు నిమిషాల చిల్లర. స్పోర్ట్‌లో నిమిషానికి రెట్టింపు కరెంట్ తాగిందనుకున్నా, మొత్తం ఖర్చు సగం కంటే తక్కువే. గ్లైడర్ పైలట్లు ఈ సూత్రం చాలాకాలంగా పాటిస్తున్నారు: ఎదురుగాలి ఉంటే వేగం పెంచు, వాలు గాలి ఉంటే తగ్గించు.

#11 అనంత_టర్బైన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:40

మేడమ్ లెక్క బాగుంది. దానికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. కిందకి దించాలి. 120 మీటర్ల దగ్గర 11 ఉన్న ఆ పొద్దున 35 మీటర్ల దగ్గర 6, 7 కంటే ఉండదు. స్పోర్ట్‌లో సెకనుకు 9 మీటర్లు మిగులుతాయి, నిమిషం ముప్పావులో చేతికొస్తుంది. దించడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో కాస్త వెనక్కి జరిగినా ఫర్వాలేదు.

గాలి హెచ్చరిక వచ్చిన క్షణంలో అందరి వేలూ ఆర్‌టీహెచ్ బటన్ మీదికి పోతుంది. ఆ బటన్ చేసే మొదటి పని ఏంటి? సెట్ చేసిన ఎత్తుకి పైకి ఎక్కడం. గాలి ఎక్కువున్న చోటు నుంచి ఇంకా ఎక్కువున్న చోటుకి. అడ్డుగా కొండలు, టవర్లు ఉంటాయని పెట్టిన ఏర్పాటు అది. గాలి కోసం పెట్టింది కాదు.

#12 గుంటూరు_గగనం | ఆదివారం, సాయంత్రం 4:20

అయితే ఇది తయారీదారు తప్పే కదా అన్నా. గాలి ఎక్కువ ఉందని డ్రోన్‌కి తెలుసు, స్క్రీన్ మీద చెప్పింది కూడా. వెనక్కి పోతున్నా తెలుసు. అయినా 120 మీటర్ల దగ్గరే మొండిగా ఎందుకు నిలబడాలి? తనంతట తాను దిగొచ్చు కదా. వేలకు వేలు పోసి కొన్నవాడు ఫిజిక్స్ చదువుకుని ఎగరేయాలా? మా బాబాయి కొడుకు కూడా ఇలాగే పోగొట్టుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగాడు. పైలట్ తప్పు అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. చాలా బాధేసింది.

#13 హైదరాబాద్_రిపేర్ | ఆదివారం, సాయంత్రం 4:55

మీ కోపం అర్థమైంది. కానీ డ్రోన్‌కి తన కింద ఏముందో పూర్తిగా తెలియదు. అది చూపించే ఎత్తు టేకాఫ్ చేసిన చోటు నుంచి కొలిచినది. మధ్యలో గుట్ట ఉందా, కరెంట్ లైన్లు ఉన్నాయా తెలియకుండా దిగితే ఢీకొడుతుంది. ఎవరి మీదైనా పడితే ఇంకా ఘోరం. అందుకని ఎత్తులోనే ఉంచుతారు. దించాలా వద్దా అన్నది అక్కడి నేల తెలిసిన మనిషే నిర్ణయించాలి. మాన్యువల్‌లో ఆ మాట ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటా.

దించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కొండ వెనకకి దించితే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోగానే డ్రోన్ ఆర్‌టీహెచ్‌లోకి వెళ్లి మళ్లీ పైకి ఎక్కుతుంది, మీరు చేసిందంతా వృథా. అందుకే ఆర్‌టీహెచ్ ఎత్తుని ఎప్పుడూ 120 దగ్గర వదిలేయకుండా, ఆ చోట చుట్టుపక్కల ఎత్తైన చెట్టు, టవర్ చూసి దానికి కాస్త పైన పెట్టుకోండి. చదును పొలంలో 40 చాలు.

#14 ప్రొద్దుటూరు_స్టూడియో | ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ కృతజ్ఞతలు. వీడియో మళ్లీ చూశాను, టర్బైన్లన్నీ పడమర ముఖమే. రేపు పొద్దున వెతకడానికి ఇద్దరం వెళ్తున్నాం. సిగ్నల్ పోయిన పాయింట్ మ్యాప్‌లో ఉంది. అక్కడి నుంచి ఇంకా ఎంత దూరం పోయి ఉంటుంది?

#15 స్వాతి_ఏరో | ఆదివారం, సాయంత్రం 6:10

చాలా దూరం పోయి ఉండదు. సిగ్నల్ పోయేటప్పటికి 60 మీటర్ల ఎత్తు, దిగుతూ ఉంది. సెకనుకు 3 మీటర్లు దిగితే ఇంకో 20 సెకన్లు. కిందకొచ్చే కొద్దీ గాలి తగ్గుతుంది కాబట్టి వెనక్కి జరగడం కూడా తగ్గి, చివరి 30 మీటర్లలో దాదాపు నిటారుగా దిగి ఉంటుంది. చివరి పాయింట్ నుంచి తూర్పుకి 50 మీటర్ల లోపు మొదట వెతకండి. ఆ చోటు మీరు నిలబడిన గట్టు కంటే పల్లంలో ఉంటే ఇంకో పది, ఇరవై మీటర్లు కలపండి. చుట్టూ తిరగకుండా గాలి దిక్కునే, పడమర నుంచి తూర్పుకి, సాళ్ల వెంబడి నడవండి.

#16 అనంత_టర్బైన్ | ఆదివారం, సాయంత్రం 6:25

పల్లెలోకి వెళ్లగానే ముందు గొర్రెల కాపరుల్ని అడగండి. మనకంటే ముందు వాళ్ల కంట్లో పడుతుంది.

#17 మెల్‌బోర్న్_తెలుగోడు | ఆదివారం, రాత్రి 8:40

ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఊళ్లో జరిగింది గుర్తొచ్చింది. 2023 జులై 14న ఇక్కడ డాక్‌ల్యాండ్స్‌లో, మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ముందు, హార్బర్ నీళ్ల మీద డ్రోన్ లైట్ షో పెట్టారు. 500 డ్రోన్లు లేచాయి. వాటిలో 427 పోయాయి, చాలావరకు నీళ్లలో పడ్డాయి. అదృష్టం బాగుండి మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. తర్వాత డైవర్లు దిగి 236 బయటకి తీశారు.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఏటీఎస్‌బీ దర్యాప్తు చేసి రిపోర్ట్ బయటపెట్టింది. పైన గాలి ఆ డ్రోన్ల హద్దు దాటింది, షో మొదలుపెట్టే హడావిడిలో పైలట్ దాన్ని గమనించలేదు, ఇదీ సారాంశం. వాళ్లు అనుభవం లేనివాళ్లు కాదు, కంప్యూటర్ తెరలు, ప్రోగ్రామ్ అన్నీ ఉన్నాయి. మన ప్రొద్దుటూరు తమ్ముడి దగ్గర లేని సాధనాలన్నీ ఉండి కూడా అదే గాలి చేతిలో దెబ్బతిన్నారు. ఆ రిపోర్ట్ ఎవరైనా చదువుకోవచ్చు. మనలాంటివాళ్లు ఒక్కసారైనా చదవాలి.

#18 బెజవాడ_బాబు | ఆదివారం, రాత్రి 9:15

అన్నా, 2024 అక్టోబర్‌లో మా పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో షో చేశారు, కృష్ణ ఒడ్డున కళ్లారా చూశా. అన్ని ఒకేసారి లేస్తే గాలి సంగతి ఎలా చూసుకుంటారు? ఒకదానికొకటి గుద్దుకోవా?

#19 మెల్‌బోర్న్_తెలుగోడు | ఆదివారం, రాత్రి 9:50

వాటికి కెమెరాలు, అడ్డంకి సెన్సర్లు ఉండవు. ఒక్కోదానికి ఆకాశంలో తన చోటు ముందే లెక్కకట్టి ఇస్తారు, జీపీఎస్ సాయంతో సెంటీమీటర్ల తేడాతో అక్కడ నిలబడాలి. గాలి హద్దులో ఉన్నంతసేపు ఎన్ని వేలున్నా ఇబ్బంది లేదు. దాటిందా, ప్రతి డ్రోన్ ఒకేసారి తన చోటు తప్పుతుంది. ఒక్క డ్రోన్‌కి మోటార్ పాడైతే పోయేది ఒక్కటే. గాలి మాత్రం అన్నింటినీ ఒక్కసారే పట్టుకుంటుంది. అందుకే లేపే ముందు ఒకటి రెండు డ్రోన్లని షో ఎత్తుకి పంపి అక్కడి గాలి చూడటం మంచి పద్ధతి. అక్టోబర్ సాయంత్రాలు మీ దగ్గర సాధారణంగా నెమ్మదిగానే ఉంటాయి కదా, నెల ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది.

#20 లేహ్_నుంచి_లక్ష్మణ్ | సోమవారం, ఉదయం 7:20

నేను ఉద్యోగరీత్యా లద్దాఖ్‌లో ఉంటున్నాను. ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా చర్చలోకి రావాలి. లేహ్ 3,500 మీటర్లు. ఇక్కడ గాలి సాంద్రత మన తీరంలో ఉండేదానిలో దాదాపు 70 శాతం. అంత పలుచని గాలిలో ఉత్తగా నిలబడటానికే ప్రొపెల్లర్ దాదాపు 20 శాతం ఎక్కువ తిరగాలి. గాలి పలుచన కాబట్టి ఎదురుగాలి తోపు కూడా అంతే తగ్గుతుంది. డ్రోన్ బరువు మాత్రం తగ్గదు. బరువు మోయడానికే మోటార్ బలం ఎక్కువ ఖర్చవుతుంది, గాలితో పోరాడటానికి మిగిలేది తక్కువ. దానికి తోడు చలికి బ్యాటరీ వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇక్కడ మధ్యాహ్నం అయితే లోయల్లో గాలి లేస్తుంది, మీకు ప్రమాదమైన తెల్లవారుజామే మాకు కాస్త నెమ్మది. చాలా చోట్ల అనుమతి లేకుండా ఎగరేయడం కుదరదు, టూరిస్టులు తెలుసుకుని రండి.

#21 కర్నూలు_ఎఫ్‌పీవీ | సోమవారం, ఉదయం 8:00

పెద్దవి కూడా తప్పించుకోలేదు. నాసా హీలియోస్ అని సోలార్ మానవరహిత విమానం, రెక్కల వెడల్పు 75 మీటర్లు. 2003 జూన్ 26న హవాయిలోని కవాయి దీవి దగ్గర పైకెక్కుతుండగా గాలి కుదుపుల్లో చిక్కి, ఆ పొడవాటి రెక్క రెండు చివర్లూ పైకి లేచి విల్లులా వంగిపోయింది. ఊగుడు పెరిగి ముక్కలై పసిఫిక్‌లో పడింది. అంతకుముందు అదే విమానం 96 వేల అడుగులు దాటి ఎగిరింది. పడిపోయింది మాత్రం సుమారు 3 వేల అడుగుల దగ్గర.

#22 ఉప్పాడ_తీరం | సోమవారం, ఉదయం 9:30

తీరం వాళ్ల కోసం ఒక మాట. సముద్రం మీదికి పంపే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడకుండా స్టిక్ ముట్టుకోవద్దు. మధ్యాహ్నాలు సముద్రం నుంచి ఒడ్డుకి గాలి వస్తే భయం లేదు, ఓడిపోయినా ఒడ్డు మీదే పడుతుంది. మే, జూన్ నెలల్లో వడగాలులు వీచే రోజుల్లో పడమటి గాలి నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. ఆ రోజుల్లో తాటిచెట్ల చాటున నిలబడి చూస్తే గాలి పెద్దగా అనిపించదు. చెట్ల తలలు దాటగానే పట్టుకుంటుంది, ఒడ్డు దాటాక ఆపేదేమీ ఉండదు. మా వైపు ఫోటోగ్రాఫర్లు కొందరు అలా బంగాళాఖాతానికి సమర్పించుకున్నారు. డ్రోన్‌ని ముందు గాలికి ఎదురుగా పంపాలి, తిరిగొచ్చేటప్పుడు గాలి తోడుండాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కష్టమైన సగం అయిపోవాలి.

వైజాగ్‌లో నేవీ ఎయిర్‌పోర్ట్ ఉంది, బీచ్ కదా అని అక్కడ అనుమతి లేకుండా లేపితే గాలి కంటే పెద్ద ఇబ్బంది.

#23 వైజాగ్_వింగ్స్ | సోమవారం, ఉదయం 10:10

నిజం, మ్యాప్‌లో జోన్ చూసుకోకుండా ఇక్కడ ఎవరూ ఎగరేయకూడదు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులే, అంటే 120 మీటర్లు.

అసలు పైన గాలి ఎంత ఉందో ఇంటి దగ్గర కూర్చుని తెలుసుకునే దారి ఉందా? నేను ఫోన్‌లో వచ్చే వెదర్ యాప్ చూసి వెళ్తున్నా.

#24 స్వాతి_ఏరో | సోమవారం, ఉదయం 11:00

మామూలు వెదర్ యాప్ చెప్పే గాలి నేల నుంచి 10 మీటర్ల ఎత్తుది. ప్రపంచమంతా గాలిని కొలిచే ప్రామాణిక ఎత్తు అదే. మీరు ఎగిరేది దానికి పన్నెండింతల ఎత్తులో. విండీ యాప్‌లో ఎత్తు మార్చుకునే పట్టీ ఉంటుంది, అందులో 100 మీటర్లు పెట్టి చూడండి. యూఏవీ ఫోర్‌కాస్ట్ యాప్‌లో అయితే ఎత్తుల వారీగా గాలి పట్టిక వస్తుంది. ఉపరితలం గాలికీ 100 మీటర్ల గాలికీ రెట్టింపు కంటే ఎక్కువ తేడా కనిపిస్తే ఆ పొద్దున పొరలు విడిపోయి ఉన్నాయన్నమాట.

వాతావరణ శాఖ హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం నుంచి బెలూన్లు వదులుతుంది, పొద్దున, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో. ఆ కొలతలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మీకు దగ్గర్లో ఉన్నదాని పొద్దుటి రీడింగ్ చూస్తే కిలోమీటర్ లోపు గాలి ఎలా ఉందో అంచనా వస్తుంది.

ఇవేవీ లేకపోతే డ్రోన్‌నే అడగండి. దూరం పంపకుండా నెత్తి మీదే ఎత్తు పెంచుతూ 30, 60, 90 మీటర్ల దగ్గర ఆపి, స్టిక్ వదిలేసి దాని ఒళ్లు ఎంత వంగిందో చూడండి. నిలబడటానికే బాగా వంగి ఉంటే తిరిగి రావడానికి ఏమీ మిగల్లేదని అర్థం.

#25 ప్రొద్దుటూరు_స్టూడియో | సోమవారం, మధ్యాహ్నం 1:35

దొరికింది! చివరి పాయింట్ నుంచి తూర్పుకి 30, 35 అడుగుల దూరంలో కంది చేలో ఉంది. ఒక చేయి విరిగింది, కెమెరాని పట్టుకునే గింబల్ ఊడి రిబ్బన్ కేబుల్ మీద వేలాడుతోంది, మట్టి పట్టింది. కార్డు బాగుంది, అమ్మాయి వాళ్ల నాన్నకి అప్పుడే ఫోన్ చేసి చెప్పాం. అనంత అన్న చెప్పినట్టే ఒక గొర్రెల కాపరి ముందే చూశాడట. పోలీసులదేమోనని ముట్టుకోకుండా పక్కన కర్ర పాతి వెళ్లాడు. స్వాతి మేడమ్, మీ లెక్కకి చేతులెత్తి దండం.

#26 హైదరాబాద్_రిపేర్ | సోమవారం, మధ్యాహ్నం 1:50

శుభవార్త. ఆ బ్యాటరీని మాత్రం వెంటనే చార్జింగ్ పెట్టకండి. పడిన దెబ్బకి ఉబ్బిందేమో చూసి, అనుమానం ఉంటే పక్కన పెట్టేయండి. మోటార్లను చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే మట్టి చేరినట్టు. చేయి, గింబల్ మారిస్తే మళ్లీ ఎగురుతుంది.

#27 మదనపల్లె_మీడియా | సోమవారం, సాయంత్రం 4:05

ఆలస్యంగా చూశాను. వచ్చే వారం హార్స్‌లీ హిల్స్ మీద మాకూ షూట్ ఉంది. పొద్దున ఆరింటికి అనుకున్నాం. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. కొండ మీద కూడా ఇదే లెక్కా? టైమ్ మార్చాలా?

#28 అనంత_టర్బైన్ | సోమవారం, సాయంత్రం 4:50

కొండ మీద ఇంకా జాగ్రత్త కావాలి. సముద్ర మట్టం నుంచి 1,200 మీటర్ల పైన, మైదానం మీదికి లేచి ఉన్న కొండ అంచున నిలబడితే మీరే గాలి ప్రవాహంలో ఉన్నట్టు. పడమటి గాలి వాలు ఎక్కుతూ శిఖరం దగ్గర ఇరుకై వేగం పుంజుకుంటుంది. తూర్పు వైపు, అంటే గాలి చాటు వైపు, సుడులు తిరుగుతూ కిందకి తోస్తుంది. లోయ అందంగా కనిపిస్తోందని ఆ చాటు వైపు డ్రోన్‌ని దించితే కిందకి లాగేసే గాలి, కొండ అడ్డొచ్చి సిగ్నల్ పోవడం, రెండూ ఒకేసారి వస్తాయి.

టైమ్ ఆరుకి బదులు ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పెట్టుకోండి, ఆకాశం తేటగా ఉంటే అప్పటికి పొరలు కలిసిపోయి పైనా కిందా గాలి తేడా బాగా తగ్గుతుంది. అంటే చేతికి తగిలే గాలి అప్పుడు చాలావరకు నిజం చెబుతుంది. అది గట్టిగా ఉంటే లేపకండి. లేపితే పడమటి అంచు నుంచి, గాలికి ఎదురుగా, మీ కంటికి కనిపించేంత దూరంలోనే. మధ్యాహ్నం దాటాక నల్లమబ్బు కనిపిస్తే వాన ఇంకా దూరంలో ఉన్నా దించేయండి, మబ్బు కింద నుంచి తోసుకొచ్చే ఈదురుగాలి వాన కంటే ముందే చేరుతుంది.

#29 మదనపల్లె_మీడియా | సోమవారం, సాయంత్రం 5:15

సరే అన్నా. పార్టీకి ఫోన్ చేసి తొమ్మిదికి మార్చాను, ఒప్పుకున్నారు. ఆర్‌టీహెచ్ ఎత్తు అక్కడి టవర్ చూసి పెట్టుకుంటాం. విండీలో 100 మీటర్ల గాలి ముందు రోజు రాత్రి ఇక్కడ పెడతాను, ఒకసారి చూసి చెప్పండి.